ఒకే రోజున పుట్టిన పదకొండు మంది

ఈ సంగతి జరిగినప్పుడే రాయాలనుకున్నాను. అప్పటికి నాకు అక్షరాలు వచ్చాయి గానీ ఒత్తులు రాలేదు. ఒత్తు లేకుండా రాయబోతే రెండో మాట దగ్గరే ఆగిపోయేదాన్ని. యాభై నాలుగేళ్లు వేలిముద్ర వేసిన చెయ్యి కావడంతో, అరపేజీ రాసేసరికి వేళ్లు కొంకర్లు పోయేవి. ఇంకో కారణం కూడా ఉంది. అప్పుడే రాసి ఉంటే ఇందులో వచ్చే వాళ్లందరినీ దొంగలనే రాసి ఉండేదాన్ని. ఇప్పుడు ఆ అనుమానం తగ్గింది. పూర్తిగా పోయిందని మాత్రం చెప్పను.

నేను రేపల్లెలో ఉంటాను. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ ఊడ్పులకూ, కలుపుకూ, కోతలకూ వెళ్లాను. మోకాళ్లు మొరాయించాక బడిలో మధ్యాహ్న భోజనం వండే పనిలో చేరాను. గిన్నెలు కడిగి బోర్లించాక మూడింటికి మా చర్చి పక్క గదికి వెళ్లేదాన్ని. అక్కడ రిటైరైన ఒక టీచరమ్మ నాలాంటి ఆడవాళ్లకు చదువు చెప్పేది. పలక ఉండేది, దాంతోపాటు ఒక ట్యాబ్ కూడా ఉండేది. ట్యాబ్‌లో అక్షరం మీద వేలు పెడితే అక్షరం పలికేది, దానితో ఒక మాట చెప్పేది, ఒక బొమ్మ చూపించేది.

ఆ పాఠాలను తయారు చేసింది ఒక గుంపు. బాపట్లలో ఇంజనీరింగ్ కాలేజీలో పనిచేసే ఒక సారు, తెనాలిలో కంప్యూటర్లు బాగుచేసే షాపు ఉన్న ఒకతను, ఇంకా దూరదూరాన ఉన్న మరికొందరు కలిసి, జీతం లేకుండా, తీరిక దొరికినప్పుడల్లా చేశారట. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చట. ఊరికే అన్నందుకే నాకు నమ్మకం కుదరలేదు.

"ఊరికే ఎందుకిస్తారండి?" అని టీచరమ్మను అడిగాను.

"అది అందరిదీనమ్మా. లోపల ఎట్లా తయారైందో ఎవరైనా చూడొచ్చు, తప్పుంటే ఎవరైనా దిద్దొచ్చు."

"అందరిదీ అంటే ఎవరిదీ కాదనేగా. కాలవ గట్టు మీద తుమ్మచెట్టు కూడా అందరిదే. ఎవడు కొట్టుకుపోయాడో ఇప్పటికీ తెలీదు."

"ఇందులో తెలుస్తుంది. ఎవరు ఏం మార్చారో పక్కన పేరుంటుంది" అంది టీచరమ్మ.

ఆ మాట నా చెవిలో ఉండిపోయింది.

పాఠంలో 'ఊ' దగ్గర ఊయల ఉండేది. మా క్లాసులో పదకొండు మందిమి. ఊయలలో ఊగినది ఒక్కతీ లేదు. మా బిడ్డలకు చీరతో కట్టినదాన్ని మేం ఉయ్యాల అనేవాళ్లమే గానీ ఊయల అనేవాళ్లం కాదు. 'ఊ' అంటే ఊడ్పు కదా అన్నాం. 'ఓ' దగ్గర ఓడ ఉండేది. ఓడను ఎవరు చూశారు? కోసిన వరిని చేలో పరిచిన ఓదెలైతే రోజూ చూశాం. ఇలా ముప్పై మాటలు మార్చమని చెప్పాం. టీచరమ్మ మా గొంతులే రికార్డు చేసి పంపింది. బాపట్ల సారు చాలా సంతోషించి, అన్నీ ఎక్కించి, పక్కన 'రేపల్లె మహిళలు' అని రాశాడు.

మాకు కోపం వచ్చింది. ఊడ్పుల్లో కూడా ఇంతే. ఎకరం పూర్తయ్యాక మేస్త్రి రైతు దగ్గరికి పోయి "పదకొండు మంది" అని చెబుతుంది. వంగిన నడుం ఎవరిదో అక్కడ ఉండదు. ఇక్కడ కూడా అంతేనా అని టీచరమ్మ మీద ఎగిరాం. ఆవిడ తెనాలి అతనికి ఫోన్ చేసింది. పేర్లు రావాలంటే ఒక్కొక్కరికీ విడివిడిగా ఖాతా తెరవాలని అతను చెప్పాడు.

మా పాఠాలన్నీ దాచి ఉంచిన చోటు ఒక విదేశీ కంపెనీది. ఇలా ఊరికే పనిచేసే గుంపులన్నీ తమ పనిని అక్కడే పెట్టుకుంటాయట. అద్దె లేదు. ఒక రెండో శనివారం మేం పదకొండు మందిమీ పాసింజర్ ఎక్కి తెనాలి వెళ్లాం. షాపతను నలభై దాటినవాడు, అందరినీ అక్కా, వదినా అని పిలుస్తాడు. మేం అతన్ని తమ్ముడనే అన్నాం. ఒక్కొక్కరినీ కుర్చీలో కూర్చోబెట్టి అడిగి రాశాడు.

"పుట్టిన తేదీ చెప్పు వదినా."

"తుఫాను వచ్చిన ఏడు" అంది మాలో పెద్దామె.

"తుఫాను ఏ తారీఖున వచ్చింది?"

"చెప్పి వస్తదా ఏంటి అది?"

మాలో ఏ ఒక్కరికీ తేదీ తెలియదు. అతను నవ్వి, అందరికీ జనవరి ఒకటి అని వేశాడు. ఆధార్ కార్డులు రాసినప్పుడు కూడా మాలో చాలామందికి అలాగే వేశారు గనుక మాకు అందులో వింతేమీ కనిపించలేదు. తిరిగి వచ్చేటప్పుడు రైల్లో, "మనందరం ఒక్క కాన్పులో పుట్టాంరా, మన తల్లి ఎట్టా కన్నదో పాపం" అని నవ్వుకున్నాం.

ఆ వారమే 'ఊడ్పు' పక్కన నా పేరు చూశాను. రేషను కార్డులో, ఓటర్ల జాబితాలో నా పేరు అంతకుముందే ఉంది. అది ఎవరో, వాళ్ల అవసరం కోసం రాసుకున్నది. ఇది మాత్రం నేను చేసిన పని పక్కన ఉన్న పేరు. చాలాసేపు చూశాను.

నెల దాటింది. ఒకరోజు ట్యాబ్‌లో అక్షరం మీద వేలు పెడితే గొంతు రాలేదు. టీచరమ్మ బాపట్లకు ఫోన్ చేసింది. సారు ఏదో చదివి వినిపించాడు. మా పదకొండు ఖాతాలనూ కంపెనీ మూసేసిందట. పదకొండు మంది ఒకే కంప్యూటరు నుంచి, ఒకే పూట, ఒకే పుట్టినరోజుతో రావడం చూసి అక్కడి యంత్రం మమ్మల్ని దొంగ మనుషులు అనుకుందట. మాతోపాటు గుంపు పనంతటికీ తాళం వేసింది. మా పేర్లున్న చోట ఇప్పుడు 'ఎవరో' అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు మాట ఉందట.

నా జీవితమంతా నేనే ఇతరులను అనుమానించాను. నేను మనిషినే కానని అంతకుముందు ఎవరూ అనుమానించలేదు. 

మూడు రోజుల తర్వాత సారు ఇంకో సంగతి చెప్పాడు. పాఠాలు పోలేదు, వాటి కాపీలు, మా పేర్లతో సహా, ఆయన దగ్గరా తెనాలిలో కూడా ఉన్నాయి. కానీ ఆ కంపెనీ దగ్గర తాళం తీయాలంటే పదకొండు మందిమీ ఆధార్ ఫొటో, ముఖం ఫొటో పంపించి మనుషులమని రుజువు చేసుకోవాలి. అది ఇష్టం లేకపోతే పాఠాలను మన సొంత కంప్యూటరులో పెట్టుకుని, అక్కడి నుంచే అందరికీ ఇవ్వాలి. తెనాలి అతను తన షాపు మేడ మీద పెడతానని అప్పటికే అన్నాడట.

అప్పటికే అన్నాడా? అంత తొందరేంటి? నాకు నిద్ర పట్టలేదు. బడికి సెలవు రోజు చూసుకుని ఒక్కదాన్నే తెనాలి వెళ్లాను.

గాంధీచౌక్ వెనక సందులో అతని షాపు. పైగదిలో ఒక నల్ల పెట్టె పెట్టి ఉంది, ఫ్యాన్ తిరుగుతోంది, పక్కన ఇన్వర్టర్.

"ఈ గది తాళం ఎవరి దగ్గరుంటుంది?"

"నా దగ్గరే అక్కా."

"నువ్వు అత్తగారింటికి పోతే?"

"నా జేబులోనే వస్తుంది."

"నీకేదన్నా అయితే?"

"ఏంటక్కా, పొద్దున్నే వచ్చి నన్ను చంపేస్తున్నావు" అని నవ్వాడు. "పోలీస్ స్టేషన్లో కూడా ఇన్ని అడగరు."

నవ్వేవాడిని నేను మరీ నమ్మను. చుట్టూ చూశాను. గోడకు ఆనించి కొత్త బోర్డు ఉంది. అక్షరాలు రాకముందైతే అది రంగుల రేకు మాత్రమే. కూడబలుక్కుని చదివాను. పైన మా పాఠాల పేరు చిన్నగా, కింద అతని షాపు పేరు నా చెయ్యంత ఎత్తున ఉన్నాయి.

"ఇదేంటి తమ్ముడూ?"

అతని ముఖం ఎర్రబడింది. "పెట్టె ఎక్కడుందో జనానికి తెలియాలి కదా అక్కా."

"పెట్టె ఎక్కడుందో తెలిస్తే దొంగలకు పనికొస్తుంది. పాఠం చదివేదానికి ఎందుకు?"

అతను బోర్డును గోడ వైపు తిప్పి పెట్టాడు. టీ తెప్పించాడు. తాగాను గానీ, ఇతని ఇంట్లో పెడితే ఇది ఇతనిదైపోతుందని అనుకుంటూనే రైలెక్కాను. ఆ కంపెనీ దగ్గర ఉంటే మేం దొంగ మనుషులం, ఇతని దగ్గర ఉంటే ఇతని షాపు మనుషులం.

తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక టీచరమ్మా నేనూ బాపట్ల వెళ్లాం. సారు ఇంటి ముందు గదిలో కూర్చున్నాం. తెనాలి తమ్ముడు కూడా వచ్చాడు. దూరాన ఉన్నవాళ్లు, పేర్లు పోయింది రేపల్లె వాళ్లవి కాబట్టి అక్కడ తేల్చిందే మాకు సమ్మతం అని కబురు పంపారు.

సారుకు మారడం ఇష్టం లేదు. "తుఫాను వస్తే మా బాపట్లలో నాలుగు రోజులు కరెంటుండదు. వాళ్లకు దేశదేశాల్లో కంప్యూటర్లున్నాయి. రాత్రీ పగలూ కాపలా ఉంటుంది. మనం పాఠాలు రాయాలా, ఇన్వర్టర్‌లో నీళ్లు పోసుకుంటూ కూర్చోవాలా? ఆధార్ పంపిస్తే వారంలో తేలిపోతుంది. ఇప్పటికి పంపుదామమ్మా."

"పంపితే ఈసారి తెరుస్తాడు" అన్నాడు తమ్ముడు. "మళ్లీ ఎప్పుడు ఎందుకు మూస్తాడో? వాడింట్లో ఉన్నంతకాలం వాడి గుమ్మం ముందు చెప్పులు విప్పి నిలబడాలండి."

అతను మామూలుగానే అన్నాడు. మా పెద్దవాళ్లు ఎవరెవరి గుమ్మాల ముందు అలా నిలబడ్డారో టీచరమ్మకూ నాకూ తెలుసు. మేం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

"నీ గుమ్మం ముందైతే?" అన్నాను.

"నా గుమ్మం ముందు ఎందుకు నిలబడతావక్కా, లోపలికే వస్తావుగా!"

"ఈ రోజు రానిస్తావు."

సారుకు నవ్వొచ్చింది. "అంటే ఆమెకు వాళ్లూ వద్దు, మనమూ వద్దు. మరి ఎక్కడ పెడదామమ్మా?"

నేను కాలవ చివరి పొలాల సంగతి చెప్పాను. మా వైపు నీరు ఆలస్యంగా వస్తుంది. నీరొచ్చాక నారు పోస్తే అదును దాటిపోతుంది. అందుకని ఒక ఏడు, నేను కూలికి పోయే మా రైతు బోరున్న ఒకాయన చేలో నారు పోశాడు. ఆయన మంచివాడే, డబ్బులడగలేదు. కానీ ఊడ్పుల వేళకు ఆయన నారు చాల్లేదు. మా రైతు పోసిన నారునే ఆయన పీకించి నాటుకున్నాడు. పీకింది నేనే, ఎవరిదో తెలియకుండా కూలికి పోయి పీకాను. మరుసటి ఏడు మా రైతు మూడు చోట్ల కొంచెం కొంచెం పోశాడు. ఒకచోట పోయినా రెండుచోట్ల మిగులుతుందన్నాడు.

"మూడు చోట్ల పెట్టండి సార్" అన్నాను. "తెనాలిలో ఒకటి, మీ ఇంట్లో ఒకటి, టీచరమ్మ దగ్గర ఒకటి. ఏది పోయినా ఇంకోటి పలకాలి. మూడిట్లోనూ మా పేర్లుండాలి. ఆధార్ మాత్రం పంపించం. నేను మనిషినని నన్ను చూడనివాడికి ఎందుకు చూపించాలి?"

సారు తల గోక్కున్నాడు. తెనాలిలో అసలుది ఉంటే, ప్రతి రాత్రీ దానంతటదే తన ఇంట్లో పెట్టెలోకి కాపీ అయ్యేలా చేయొచ్చన్నాడు. వారానికోసారి టీచరమ్మ ఒక డిస్కులో తెచ్చుకోవచ్చు. తెనాలిది ఆగితే రెండో చిరునామా నుంచి పాఠాలు వస్తాయి. పని ఎక్కువే గానీ అయ్యే పనే అన్నాడు.

"ఇంకోటి సార్. గది తాళం ఒకటి నాకు కావాలి. ఆ పాస్‌వర్డ్ ఏదో ఉందంటగా, అది కూడా మా పదకొండు మందిలో ఒకరికి తెలియాలి."

 తమ్ముడు సారు వైపు చూశాడు.

"అది ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుందమ్మా" అన్నాడు సారు మెల్లగా.

"ఇరవయ్యారేగా సార్. యాభై ఆరు నేర్చినదాన్ని, ఇరవయ్యారుకు భయపడతానా?"

తమ్ముడు నవ్వి, రెండూ ఇస్తానన్నాడు. టీచరమ్మ మాత్రం నవ్వలేదు. తిరుగు బస్సులో నాతో ఒక మాట అంది. "తాళం నీకిచ్చారు, సరే. రేపు ఏదైనా చెడితే, తాళం ఆమె దగ్గర కూడా ఉంది అంటారు. ఆలోచించుకున్నావా?" ఆవిడ నాకంటే ఎక్కువ చదువుకుంది కదా, ఆవిడ అనుమానాలు కూడా నా వాటికంటే దూరం పోతాయి.

నెల రోజులు పట్టింది. మళ్లీ ఒక ఆదివారం మధ్యాహ్నం తెనాలి మేడ మీద అందరం కలిశాం. టీచరమ్మ ప్రార్థన చేసింది, తమ్ముడు కొబ్బరికాయ కొట్టాడు. సారు తెర మీద పాఠం తెరిచాడు. 'ఊ' మీద వేలు పెట్టాను. నా గొంతే, "ఊడ్పు" అంది. పక్కన నా పేరు ఉంది. పదకొండు పేర్లూ ఉన్నాయి. మా పెద్దామె తన పేరును కొంగుతో తుడిచింది, తెర మీద దుమ్మేమీ లేకపోయినా.

మా క్లాసులో కొత్తగా చేరిన ఒకామె కూడా ఆ రోజు వచ్చింది. సముద్రం వైపు నుంచి చేపలు తెచ్చి రేపల్లె వీధుల్లో అమ్ముతుంది. 'గ' దగ్గర గడియారం ఎందుకు, గంప పెట్టమంది. అక్కడికక్కడే తమ్ముడు ఆమె గొంతు రికార్డు చేసి, పక్కన ఆమె పేరు ఎక్కించాడు. అది పన్నెండో పేరు.

ఆమె నన్ను పక్కకు పిలిచింది. "అక్కా, మీయి ఒకసారి పోయినయ్యంటగా. నాది కూడా పోతదా?"

"పోదు. మూడు చోట్ల ఉంటది" అన్నాను.

అన్నాక నా మాట మీద నాకే అనుమానం వచ్చింది. మూడు చోట్ల ఉందని నాకు ఎవరు చెప్పారు? సారు చెప్పాడు. నేను చూశానా? చూడలేదు. చూడని సంగతిని నా నోటితో ఆమెకు మాటిచ్చాను.

మరునాడు పొద్దున్నే వంట పని తోటి ఆమెకు అప్పగించి మొదటి పాసింజర్ ఎక్కాను. తమ్ముడు షాపు షట్టర్ ఎత్తుతున్నాడు. నా తాళంతో పైగది తీశాను. అతను వెనకే వచ్చేలోగా నల్ల పెట్టె ప్లగ్గు పీకేశాను. ఫ్యాన్ ఆగిపోయింది.

"అక్కా! ఏం చేస్తున్నావు? నీకేమన్నా పిచ్చా?"

"తుఫాను వచ్చిందనుకో" అన్నాను. టీచరమ్మకు ఫోన్ చేసి, రెండో చిరునామా తెరిచి పేర్లు చదవమన్నాను.

ఆవిడ హాజరు పిలిచినట్టు ఒక్కొక్కటే చదివింది. నేను వేళ్లు మడుచుకుంటూ విన్నాను. పదకొండు దగ్గర ఆగింది.

"పన్నెండోది?"

"లేదమ్మా. గ దగ్గర ఇంకా గడియారమే ఉంది."

సారుకు ఫోన్ చేశాను. ఆయన కంగారుగా ఇంట్లో పెట్టె చూసి వచ్చాడు. రాత్రి కాపీ కాలేదట. ఎందుకో చెప్పడానికి ఆయనకు సిగ్గయింది. "మా అమ్మ పడుకునే ముందు ఇంట్లో స్విచ్‌లన్నీ కట్టేస్తుందమ్మా. నెట్టుది కూడా. చిన్నప్పటి నుంచీ అలవాటు."

"ఫోను ఒకసారి ఆవిడకివ్వండి సార్."

ఆవిడ గొంతు పెద్దదే. "కట్టెయ్యనా మరి? ఇంట్లో ఎవరూ మేలుకొని ఉండరు, ఆ పచ్చదీపం ఎవరి కోసం మినుక్కుమంటూ ఉండాలి? మీ ఇంట్లో మీరు కట్టెయ్యరా?"

"కట్టేస్తానండి అక్కయ్యగారూ" అన్నాను. అది నిజమే. నేను ఆవిడను తిట్టాలని ఫోన్ తీసుకున్నాను గానీ ఆ మాటతో తిట్టు పోయింది. చేపలమ్మే ఆమె సంగతి చెప్పాను. నిన్న మొదటిసారి తన పేరు చూసుకుందని, రాత్రి ఆ దీపం ఆరిపోవడంతో అది బాపట్లకు చేరలేదని చెప్పాను.

ఆవిడ "ఏంటి ఆమె పేరు?" అని అడిగింది. చెప్పాను. "సరే, ఆ ఒక్క స్విచ్ జోలికి పోనులే. మా వాడు నాకు చెబితేగా" అంది.

ప్లగ్గు మళ్లీ పెట్టాను. సారు అక్కడి నుంచి చేత్తోనే కాపీ మొదలుపెట్టాడు. అది అయ్యేదాకా స్టూలు మీద కూర్చున్నాను. తమ్ముడు ముఖం ముడుచుకునే టిఫిన్ తెప్పించాడు, ఇడ్లీ తిన్నాను. కాపీ అయిందన్నాక నేను మళ్లీ ప్లగ్గు పీకాను, టీచరమ్మ మళ్లీ మొదటి నుంచి పేర్లు చదివింది. పన్నెండు వచ్చాయి. ప్లగ్గు పెట్టి, గదికి తాళం వేసి, ఇలాగే మధ్య మధ్యలో వచ్చి పీకుతుంటానని తమ్ముడితో చెప్పాను. ఏ రోజు వస్తానో మాత్రం చెప్పలేదు.